నాలుగో దీపం

సోంపేట దాటి పది కిలోమీటర్లు వచ్చేసరికి డ్రైవరు సీటు పక్కనున్న పలక మీద నాలుగో దీపం వెలిగింది. టాయిలెట్ ట్యాంకు నిండిపోయిందని దాని అర్థం. ఆ దీపం వెలిగితే టాయిలెట్‌లోకి నీళ్లు రావడం దానంతటదే ఆగిపోతుంది. మళ్లీ ట్యాంకు ఖాళీ చేయించేదాకా లోపలికి వెళ్లి లాభం లేదు. సింహాద్రి బస్సును జీడితోట పక్కన ఆపాడు. ట్యాంకు నిన్ననే ఖాళీ చేయించారు. అందులో నాలుగు వందల లీటర్లు పడతాయి. ముగ్గురు మనుషులు ఒక్క రోజులో దాన్ని ఎలా నింపగలరో అతనికి అంతుపట్టలేదు.

వెనక గదిలో నీళ్ల సీసాలకు చీటీలు అంటిస్తున్న వకుళ ముందుకు వచ్చి చూసింది. మళ్లీనా అని మాత్రం అడిగింది.

అది పేరుకు బస్సే గానీ నిజానికి ఒక ఇల్లు. మధ్యలో వంటగట్టు, మూడు పడకలు, వెనక చిన్న ప్రయోగశాల. ఉద్దానం ఊళ్లలో బావుల నీళ్లు, బోర్ల నీళ్లు పరీక్షించడానికి విశాఖపట్నంలోని ఒక పరిశోధన సంస్థ దాన్ని తయారు చేయించింది. వకుళ రసాయన శాస్త్రం చదివింది. పరీక్షలు ఆమె పని. ఆమె భర్త సింహాద్రి బండి నడుపుతాడు, చెడిపోయినవి బాగుచేస్తాడు. అతని తల్లి పైడమ్మ వంట చేస్తుంది. ఊళ్లోకి వెళ్లి ఆడవాళ్లతో మాట కలిపి, ఎవరింట్లో ఏ బావి నీళ్లు తాగుతున్నారో కనుక్కొచ్చేది కూడా ఆవిడే. ఉద్దానంలో మూత్రపిండాలు చెడిపోయిన మనుషులు లేని వీధి తక్కువ. వకుళ తండ్రి కొబ్బరికాయలు దింపేవాడు. ఆమె ఇంటర్మీడియట్ చదువుతుండగా ఆయన పాదాలు పొంగాయి. అప్పటికే రెండు మూత్రపిండాలూ చాలావరకు పోయాయన్నారు. ఏడాదిన్నర బతికాడు. వకుళ ఈ ఉద్యోగానికి ఎందుకు వచ్చిందో సంస్థలో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

బస్సులో ఇంకొకటి కూడా ప్రయాణం చేస్తోంది. టాయిలెట్ ట్యాంకు అడుగున, గోధుమరంగు కంబళి ముక్కలా, వేలి మందాన ఒక పొర ఉంది. కోటానుకోట్ల సూక్ష్మజీవులు ఒకదాన్నొకటి పట్టుకుని అల్లుకున్న పొర అది. డాక్టర్ రామభద్రరాజు పదకొండేళ్లు పనిచేసి దాన్ని పెంచాడు. మనిషి విసర్జించినదాన్ని తిని, వాసన లేని నీళ్లుగా మారుస్తుంది. అది సరిగ్గా పనిచేస్తే నలభై రోజులదాకా ట్యాంకు జోలికి వెళ్లక్కర్లేదు. రైళ్లలో, పడవల్లో, మరుగుదొడ్లు లేని బడుల్లో దాన్ని పెట్టాలని రాజుగారి కోరిక. మొదటి పరీక్ష ఈ బస్సులోనే.

సింహాద్రి ఆ మధ్యాహ్నం బస్సు కిందికి దూరాడు. ట్యాంకు గోడకు వేర్వేరు ఎత్తుల్లో నాలుగు ఉక్కు బోల్టులుంటాయి. నీళ్లు ఏ బోల్టును తాకితే దానిలోంచి కొద్దిపాటి కరెంటు పారి పైన ఆ దీపం వెలుగుతుంది. పావు, సగం, ముప్పావు, నిండు. అతను బోల్టుల దగ్గర వైర్లు విప్పాడు. పైన వకుళ చూస్తుండగానే దీపాలన్నీ ఆరిపోయాయి. అంటే పలకలో గానీ వైర్లలో గానీ తప్పు లేదు. తప్పు ట్యాంకు లోపల ఉంది. తుప్పు పట్టిన బోల్టు ఒకటి మార్చాడు. మరునాడు రెండు బస్తాల ఐసు ముక్కలు, సబ్బునీళ్లు పోసి, గోడలు శుభ్రపడతాయని గతుకుల రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు తిప్పాడు. రెండు రోజులు దీపాలు బుద్ధిగా ఉన్నాయి. మూడో రోజు కంచిలి దగ్గర నాలుగోది మళ్లీ వెలిగింది.

చివరికి సన్నని కెమెరాను గొట్టంలోంచి లోపలికి దింపారు. నీళ్లు పావు ట్యాంకే ఉన్నాయి. పొర మాత్రం నీళ్లలోంచి బయటికి వచ్చి, గోడ పట్టుకుని, పై బోల్టు దాకా పాకింది. తడిగా ఉన్న ఆ పొరలోంచి కరెంటు పారుతోంది కాబట్టి మీటరు దాన్నీ నీళ్లనుకుంటోంది.

సింహాద్రి దానికి తేలికైన మందు కనిపెట్టాడు. ట్యాంకుకు బయటివైపు అతికించే సెన్సారు తెప్పించి, నీళ్లు ఆగే ఏర్పాటును దానికి కలిపాడు. అది సరైన లెక్కే చూపించింది. పాత దీపాలు వెలిగినా ఆరినా ఇక బండి ఆగే పని లేదు. ఆ సాయంత్రం అతను చాలా తృప్తిగా స్నానం చేశాడు.

వకుళకు తృప్తి కలగలేదు. రాజుగారికి ఫోను చేసింది. ఆయన కూడా ఆశ్చర్యపోయాడు. ఆ పొర నీళ్లు దాటి రాదని, వస్తే ఎండి చచ్చిపోతుందని అన్నాడు. ప్రయోగశాలలో పదకొండేళ్లుగా అది ఒక్కసారి కూడా గోడ ఎక్కలేదు. ట్యాంకులోకి పడుతున్నది ఏదో దానికి కొత్త బలం ఇస్తోంది, అదేమిటో వెతకమన్నాడు.

వెతకడం అంటే ఒక్కొక్కటిగా తీసేయడమే. వకుళ ఒక నోటుపుస్తకం పెట్టింది. మొదటి వారం సబ్బు మార్చింది. రెండో వారం ఎండుచేపలు మాన్పించింది. పైడమ్మకు కోపం వచ్చింది.

"ట్యాంకులో ఏటో పాకుతోందని నా కూరలోంచి సేపలు తీసీడమేటి?" అని మూడు పూటలు గొణిగింది.

ఆ తర్వాత పైడమ్మ వేసుకునే బీపీ మాత్రల మీద అనుమానం వచ్చింది. బస్సు ఆపిన ఊళ్లో ఒక ఇంటివాళ్లను బతిమాలి, ఆవిడను వారం రోజులు వాళ్ల టాయిలెట్‌కు పంపింది. సింహాద్రి నమిలే పొగాకు మాన్పించింది. పొర దేనికీ దిగలేదు. గోడలు కడిగిన ప్రతిసారీ మూడో రోజుకల్లా నాలుగో దీపం వెలుగుతూనే ఉంది.

ఈలోగా వకుళ రాసిన నివేదిక సంస్థకు చేరింది. హద్దు మీరి పెరిగే సూక్ష్మజీవులను ఊళ్లలో తిప్పడం క్షేమం కాదని, రసాయనం పోసి ఆ పొరను చంపేయాలని అక్కడ అనుకున్నారు. ఆ మాట తేల్చడానికి సమావేశం పెట్టి వకుళను రమ్మన్నారు. ఆమె విశాఖపట్నం వెళ్లి నాలుగు రోజులు రాజుగారి ప్రయోగశాలలో లెక్కలు సిద్ధం చేసుకుంది. ఆయన రిటైరవడానికి ఇంకో ఏడాదే ఉంది. ఈ పొర పోతే మళ్లీ మొదలుపెట్టే వయసు కాదు.

సమావేశానికి గంట ముందు, వరండాలో నిలబడి ఉండగా సింహాద్రి ఫోను చేశాడు. అతని గొంతులో చాలా రోజులకు హుషారు వినిపించింది.

"మీ రాజుగారికి సెప్పు, మీటరు బాగైపోనాది. నువ్వెల్లిన రెండోనాటికే పై దీపం ఆరిపోనాది. నిన్న ఇంకో రెండు. ఇప్పుడు ఒక్కటే ఎలుగుతోంది, సరిగ్గా పావు ట్యాంకు. నానేటీ సెయ్యలేదు. కెమెరా పెట్టి సూసినాను, పొర ఎండి రాలిపోయి అడుక్కెల్లిపోనాది."

వకుళ సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. అత్త ఎండుచేపలు వండుతోందా అని అడిగింది. రోజూ వండుతోందన్నాడు. మాత్రలు వేసుకుంటోంది, టాయిలెట్ మన బండిలోదే. సబ్బు పాతదే. పొగాకు మాట అడిగితే నవ్వి, నువ్వు లేవు కదా అన్నాడు.

అటునుంచి అతను, "ఇనబడతందా?" అన్నాడు.

"వినబడుతోంది" అంది.

నోటుపుస్తకంలో అన్నీ ఒక్కొక్కటిగా తీసేసి చూసింది. తనను తీసి చూడాలన్న ఆలోచన ఒక్కసారీ రాలేదు.

సమావేశంలో ఆమె తెచ్చుకున్న లెక్కలు చెప్పలేదు. నెల రోజులు గడువు కావాలని మాత్రం అడిగింది. ఎందుకన్నారు. కారణం దొరికిందనుకుంటున్నాను, రుజువు చేయాలి అంది. రాజుగారు ఆమె ముఖం చూసి, ఏమీ తెలియకుండానే తానూ అదే అడిగాడు. నెల ఇచ్చారు.

బస్సుకు తిరిగి వచ్చాక పైడమ్మ దగ్గర మూడు పచ్చడి సీసాలు తీసుకుంది. పొరను మూడు ముక్కలు కోసి ఒక్కో సీసాలో ఒక్కో ముక్క వేసింది. ఒకదానిలో సింహాద్రి మూత్రం, ఒకదానిలో పైడమ్మది, మూడోదానిలో తనది. పైడమ్మ ఆ సీసాలు ఇక తనకు వద్దని తేల్చి చెప్పి, కిటికీ గట్టు మీద వాటికి చోటు చేసి ఇచ్చింది. రెండు సీసాల్లో ముక్క అడుగునే పడి ఉంది. మూడోదానిలో రెండో రోజుకు గాజును పట్టుకుంది. అయిదో రోజుకు మూత దగ్గరకు వచ్చింది.

రాజుగారు స్వయంగా వచ్చి చూశాడు. ఆయన చాలాసేపు ఆ సీసాను వెలుతురులో తిప్పుతూ ఉండిపోయాడు. దెబ్బతింటున్న అవయవాల నుంచి కొన్ని ప్రొటీన్ తునకలు అతి కొద్దిగా రాలుతుంటాయనీ, మనుషుల పరికరాలకు అందనంత తక్కువ మోతాదు కూడా ఈ జీవులకు అందుతోందేమోననీ అన్నాడు. అది ఊహ మాత్రమే, ఒక్క మనిషిని చూసి ఏదీ చెప్పలేమని మూడుసార్లు అన్నాడు.

"మా నాన్నకు మూత్రపిండాలే పోయాయి సార్" అంది వకుళ.

ఆయన సీసాను మెల్లగా కింద పెట్టాడు.

రక్తపరీక్షలో ఏమీ లేదు. మూత్రపరీక్షలో ఏమీ లేదు. విశాఖపట్నంలో మూత్రపిండాల డాక్టరు రాజుగారి మేనకోడలే. ఆమె కాగితాలన్నీ చూసి, మీరు నాకన్నా ఆరోగ్యంగా ఉన్నారు, ఇంటికి వెళ్లండి అంది. పచ్చడి సీసాలో బూజు పాకిందని ఏ లక్షణమూ లేని మనిషికి సూది గుచ్చి మూత్రపిండం ముక్క తీయమంటే ఎలా అని మేనమామను కసిరింది. వకుళ రెండు వారాల్లో మూడుసార్లు వెళ్లింది. మూడోసారి తండ్రి పాత కాగితాలు తీసుకెళ్లింది. ఆయన మొదటి పరీక్ష తేదీకీ చనిపోయిన తేదీకీ మధ్య ఎన్ని నెలలో డాక్టరు లెక్క పెట్టుకుంది. ఆ తర్వాత, పూర్తి బాధ్యత నాదేనని వకుళ చేత రాయించుకుని ఒప్పుకుంది.

సూది గుచ్చిన చోట లోపల రక్తం ఆగలేదు. ఒక్కపూటలో ఇంటికి వెళ్లాల్సిన మనిషి ఆరు రోజులు మంచం మీద ఉంది. ఆ ఆరు రోజులూ రాజుగారు ఆసుపత్రి వరండాలో కుర్చీ వదలలేదు. ఏమీ లేదని తేలితే ఈ అమ్మాయి ముఖం ఎలా చూడాలి, ఉందని తేలితే ఎలా చూడాలి అని మేనకోడలితో అన్నాడట.

ఉందని తేలింది. మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే సన్నని జల్లెడల్లో కొన్నిటి మీద మచ్చలు మొదలయ్యాయి. మామూలు పరీక్షల్లో కనబడటానికి ఇంకో ఆరేడేళ్లు పట్టేదని డాక్టరు చెప్పింది. రోజూ ఒక చిన్న మాత్ర రాసింది. తలనొప్పికని వకుళ ఏళ్ల తరబడి మింగుతున్న నొప్పి బిళ్లలు ఆ రోజే మాన్పించింది. ఎండలో తిరగడం తగ్గించి నీళ్లు బాగా తాగమంది. ఇలా జాగ్రత్తగా ఉంటే ముసలితనం దాకా బండి లాగవచ్చని, మీ నాన్నకు ఈ అవకాశం లేకపోయిందని అంది.

సింహాద్రి ఆ మాటలన్నీ విని తలూపాడు. తర్వాత పది రోజులు అతను బండి గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. మాట్లాడినప్పుడు, సంస్థలో ఈ పని వదిలేస్తానని, విశాఖలో గది చూస్తానని అన్నాడు. బస్సు ఆపి రోడ్డుపక్క కొబ్బరిబోండాలు తాగుతున్నప్పుడు అన్నాడా మాట. వకుళ వద్దంది.

"ఆ దీపాలు ఆరిపోనాయని నవ్వుతూ సెప్పినాను నీకు" అన్నాడు అతను. "నీకక్కడ ఎలగుందో తెల్లేదు. బాగైపోనాదని సెప్పినాను."

"మీరు చెప్పకపోతే నాకెప్పటికీ తెలిసేది కాదు. అప్పుడేం చేసేవాళ్లం?"

అతను బోండాం పక్కన పెట్టి కళ్లు తుడుచుకున్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది, లోపలికి పద అని ఆమెను బస్సు ఎక్కించాడు. ఆ రోజు నుంచి పొద్దున పది దాటితే ఆమెను బావి దగ్గరికి వెళ్లనివ్వలేదు. సీసాలు తానే నింపుకొచ్చేవాడు. మొదట్లో చీటీలు తప్పు అంటించేవాడు, తర్వాత నేర్చుకున్నాడు.

రెండో సమావేశంలో రాజుగారే లేచి నిలబడ్డాడు. మలినాన్ని తినే పనిలో నా పొర ఓడిపోయింది, అలాగే రాసుకోండి అన్నాడు. పదకొండేళ్ల పనిని ఒక్క వాక్యంలో అలా మూసేసి, దానికి వేరే పని అడగడానికి వచ్చానని చెప్పాడు. ఒక మనిషి జబ్బును అది అందరికన్నా ముందే పట్టిందన్నాడు గానీ ఆ మనిషి ఎవరో చెప్పలేదు. ట్యాంకులోది తీసేశారు. ప్రయోగశాలలో చిన్న గాజు గొట్టాల్లో కొత్త పొరలు పెంచారు. మనుషుల మీద పరీక్షలకు అనుమతులు రావడానికి ఎనిమిది నెలలు పట్టింది.

మొదటి ఊరు తంపరపుట్టుగ. బడి వరండాలో వంద మందిదాకా కూర్చున్నారు. వకుళ గొట్టాలు చూపించి, ఏం చేయాలో, ఎందుకో చెప్పింది. జీడి బట్టీలో పనిచేసే ఢిల్లేసు అనే కుర్రవాడు లేచాడు. ఇరవై ఏడేళ్లుంటాయి. పెళ్లయి ఏడాది కాలేదు.

"తెలిసి ఏటి సేస్తాం మేడమ్? మా పెదనాన్నకి తెల్సింది. మా బాబుకీ తెల్సింది. తెల్సిన రోజు నుంచే సచ్చిపోడం మొదలెట్టినారు. తెలీకపోతే అన్నాళ్లూ నవ్వుతూ ఉందురు."

వకుళ డాక్టరు చెప్పిన సమాధానమే చెప్పింది. ముందు తెలిస్తే జాగ్రత్త పడవచ్చని, మందులున్నాయని. అక్కడ కూర్చున్నవాళ్లు మర్యాదగా విన్నారు. వెళ్లేటప్పుడు గొట్టం తీసుకున్నవాళ్లు పద్నాలుగు మంది.

బస్సులోకి వచ్చాక పైడమ్మ అన్నం వడ్డిస్తూ అంది. "నీది నువ్వు దాసుకుని ఆళ్లది సెప్పమంటే ఎవులు సెప్తారమ్మీ?"

రోగిష్టి మనిషి ఊళ్లు తిరిగి పరీక్షలు చేస్తోందంటే సంస్థ ఒప్పుకోదేమోనని వకుళ భయం. పైడమ్మ మరి రెట్టించలేదు. మరునాటి నుంచి గొట్టాల సంచి భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎవరి గుమ్మంలో కూర్చుని ఏం చెప్పిందో గానీ మూడు వారాల్లో రెండు వందల పద్నాలుగు గొట్టాలు వచ్చాయి. కోడలి మాట మాత్రం ఎక్కడా ఎత్తలేదు. అడిగితే, అది నాది కాదు గదా చెప్పడానికి అంది.

తొమ్మిది గొట్టాల్లో పొర పాకింది. విశాఖపట్నంలో గట్టి పరీక్షలు చేస్తే ఏడుగురికి నిజమని, ఇద్దరికి కాదని తేలింది. ఆ ఇద్దరూ నెల రోజులు ఊరికే బెంగపడ్డారు. అందులో ఒకావిడ బస్సు దగ్గరికి వచ్చి వకుళను గట్టిగానే తిట్టింది. వకుళ క్షమించమంది. రాజుగారు రిటైరైనా రోజూ ప్రయోగశాలకు వచ్చి ఆ రెండు గొట్టాల దగ్గరే కూర్చుంటున్నాడు, అవి ఎందుకు తప్పు చెప్పాయో తెలిసేదాకా మిగతా ఊళ్లకు వెళ్లవద్దంటున్నాడు.

ఏడుగురిలో ఢిల్లేసు ఒకడు. అతని గొట్టం అతని భార్య తెచ్చి ఇచ్చింది. పెద్దాసుపత్రికి పరీక్షకు కూడా ఆవిడే బలవంతం చేసి తీసుకెళ్లింది.

ఫలితం కాగితం వచ్చిన రోజు వకుళ పొద్దున్నే జీడి బట్టీకి వెళ్లింది. ఢిల్లేసు బయటికి వచ్చాడు. చేతులకు నల్లగా జీడి జిగురు. వేడికి ముఖం ఎర్రబడి ఉంది. ఆమె చేతిలో కాగితం చూడగానే అతనికి అర్థమైంది. రేకుల చావడి నీడలో బస్తాల మీద కూర్చున్నాడు. వకుళ పక్కనే కూర్చుంది.

"ఉన్నాదా?" అన్నాడు.

"ఉంది. ఇప్పుడిప్పుడే మొదలైంది."

లోపల గింజలు పగలగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు తెలియడం వద్దన్నాను కదా అని ఢిల్లేసు నెమ్మదిగా, కోపం లేకుండా అన్నాడు. భార్యకు తెలుసా అని అడిగాడు. ముందు నీకే చెబుతున్నానంది వకుళ. డాక్టరు మాటలు ఆమెకు కంఠతా వచ్చు. వాటిని పక్కన పెట్టింది.

"తమ్ముడూ, నాకూ ఉంది."

ఢిల్లేసు తలెత్తాడు.

"మా నాన్నకూ ఇదే. ఆయన కాళ్లు పొంగాక తెలిసింది. నాకు ఈ పొరే చెప్పింది, అందరికన్నా ముందు. నీది ఎక్కడుందో నాదీ అక్కడే ఉంది."

"ఎన్నాళ్లయింది తెలిసి?"

"పద్దెనిమిది నెలలు. మొన్న మళ్లీ పరీక్ష చేశారు. అప్పటికన్నా పెరగలేదు."

అతను ఆమెను తలనుంచి పాదాలదాకా చూశాడు. మొహమాటం లేకుండా, బజారులో ఆవును చూసినట్టు చూశాడు. పాదాల దగ్గర చూపు ఆపాడు. వకుళ చెప్పులు విడిచి పాదాలు ముందుకు చాపింది. అతను వంగి, వేలితో చీలమండ పైన నొక్కి, తీసి చూశాడు. గుంట పడలేదు. ఉద్దానంలో పుట్టిన ఎవరికైనా ఆ పరీక్ష తెలుసు.

లోపలి నుంచి మేస్త్రీ పిలిచాడు. వస్తానని ఢిల్లేసు కేకేశాడు గానీ లేవలేదు. చేతులకున్న జిగురును గోనెపట్టాతో తుడుచుకుని, కాగితం అందుకున్నాడు.

"సరే అక్కా" అన్నాడు. "మొదట ఏటి మానాల, సెప్పు."